మాటల పెట్టె

చిప్పు మీద వేలు పెట్టగానే చుర్రుమంది. వేలు వెనక్కి లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు, నలభై దాటిన మనిషి, ఇన్నేళ్లుగా సర్క్యూటు బోర్డులు పరీక్ష చేసి బతుకుతున్నవాడు, చంటిపిల్లాడిలా వేలు చప్పరిస్తూ మాటల పెట్టెకేసి చూస్తూ కూర్చున్నాడు. మాడిన వాసన గదంతా పట్టింది, కిటికీ తీయాలి, తీశాడు, ఎండ వచ్చి మంచం అంచు మీద పడింది, ఎండ అక్క కళ్లలో పడుతుందేమోనని మళ్లీ సగం మూశాడు. అక్క చూస్తోంది. ముక్కు మీద మాస్కు, దాని గొట్టం మంచం పక్కన బుస్సుబుస్సుమంటున్న శ్వాస మిషనులోకి, ఆ మాస్కు పైన రెండు కళ్లు, కదిలేవి ఆ కళ్లూ కుడిచేతి చూపుడువేలూ మాత్రమే, మిగతా ఒళ్లంతా నరాల జబ్బు ఒక్కొక్క గదీ తాళం వేసుకుంటూ వెళ్లినట్టు వెళ్లిపోయింది. వాసన వస్తోందా అక్కా అని అడగబోయి మానుకున్నాడు. వస్తే మాత్రం ఏమంటుంది, ఎలా అంటుంది, అనడానికి ఉన్న ఒక్క సాధనమూ ఇప్పుడే కాల్చిపెట్టాడు కదా తను.

తప్పు ఎంత చిన్నదో తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మాటల పెట్టె అంటే రెండు పెట్టెలు. అక్క వేలి కింద ఒక మీట, మీటకి తగిలించిన అగ్గిపెట్టంత పెట్టె, అది బ్యాటరీ మీద నడుస్తుంది. బల్ల మీద పెద్ద పెట్టె, దానిలో స్పీకరు, దానిలో మాట పడిపోకముందు రికార్డు చేసిన అక్క గొంతు, అది గోడ సాకెట్టు కరెంటు మీద నడుస్తుంది. రెంటికీ మధ్య పల్చటి వైరు. పెద్ద పెట్టె ఒక్కొక్క మాటా వినిపిస్తూ పోతుంది, కావలసిన మాట దగ్గర అక్క మీట నొక్కుతుంది, అంతే. పొద్దున్న బావ శ్వాస మిషనుకి సాకెట్టు కావాలని పెద్ద పెట్టె ప్లగ్గు పీకాడు. పీకినవాడికి ఏం తెలుసు, జీవితమంతా బస్సు నడిపినవాడు, పీకడమే చేశాడు గానీ పెట్టె మీద చిన్న దీపం ఇంకా మినుకుమినుకుమంటూనే ఉంది కాబట్టి అది ఆగిపోలేదనే అనుకున్నాడు. తెలియవలసినవాడు తను. చిన్న పెట్టెలో బ్యాటరీ బతికే ఉంది, దాని కరెంటు ఆ పల్చటి వైరు వెంట దొంగదారిన కరెంటు లేని పెట్టెలోకి చొరబడుతోంది, అందుకే ఆ దీపం అలా నీరసంగా వెలుగుతోంది, ఇలాంటప్పుడు ముందు వైరు ఊడదీయాలి, రెండిటికీ కరెంటు తీసెయ్యాలి, ఆ తర్వాతే కలపాలి. ఇది తను ఎంతమందికి చెప్పాడో. బతికున్న బోర్డునీ కరెంటు లేని బోర్డునీ ఒకదానికొకటి తగిలించకండిరా బాబూ అని ఫ్యాక్టరీలో గొంతు చించుకుంటాడు, గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించాడు కూడా. అలాంటివాడు ఇందాక పరుగెత్తుకుంటూ వచ్చి, దీపం నీరసంగా ఉందేమిటి, ప్లగ్గు ఊడినట్టుందని, ఇంకేమీ చూడకుండా చెయ్యి పెట్టి దాన్ని బల్ల వెనక బావ కంటపడని ఇంకో సాకెట్టులోకి కసుక్కున తోశాడు. టప్ మని కూడా అనలేదు. సగం మెలకువలో ఉన్న చిప్పు, ఎటు నుంచి వచ్చే కరెంటు తనదో తెలియక, లోపలి దారులన్నీ ఒకేసారి తెరిచేసుకుని, తన వేడికి తనే కాలిపోయింది. కాలే ముందు స్పీకరులోంచి అక్క గొంతు వచ్చింది, బరువుగా, సాగదీసినట్టు, నీళ్ల అడుగు నుంచి పిలిచినట్టు, "చీ..." అని. "చిట్టీ" అని తనని పిలవబోయిందో ఏమో. ఆ పెట్టెలో "చిట్టీ" అనే మాట మూడు రకాలుగా ఉంది, మామూలుగా పిలిచేది, కసిరేది, ముద్దుగా అనేది, ఏది మొదలై ఆగిపోయిందో తెలియలేదు.

కరెంటు దారిలో చిన్న అడ్డం పెట్టి ఉంటే సరిపోయేది. గోరంత భాగం, పావుగంట పని. తయారుచేసే రోజుల్లో అదీ తట్టింది, తర్వాత వేద్దాంలే అనుకున్నాడు, అప్పుడు తొందర, అక్క గొంతు రోజురోజుకీ జారిపోతోంది, ముందు ఆ గొంతుని పట్టుకోవాలి, మిగతావి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎప్పుడైనా అన్నది ఇవాళ్టికి వచ్చింది. తన ఇంట్లో కంప్యూటర్లో ఆ గొంతు భద్రంగానే ఉంది, చిప్పు తెప్పిస్తే మళ్లీ ఎక్కించొచ్చు, నాలుగు రోజుల్లో పెట్టె మళ్లీ మాట్లాడుతుంది, కానీ నాలుగు రోజులు ఎవరిక్కావాలి, కావలసింది ఈ గంట. అంబులెన్సు బయలుదేరిందన్నారు. దారిలో వంతెన మరమ్మతట, చుట్టూ తిరిగి రావాలట, ఒక గంట అన్నారు.

పొద్దున్నే డాక్టరు ఫోను చేసింది. మాస్కుతో ఇక లాభం లేదు, ఊపిరితిత్తులు అలసిపోయాయి, గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం వెయ్యాలి, వేస్తే యంత్రం మీద ఉంటారు, ఏళ్లు కూడా ఉండొచ్చు, వెయ్యకపోతే ఎక్కువ రోజులు ఉండరు. రెండూ తప్పు కాదు, అంది. "మీరూ మీ బావగారూ కాదండీ, ఆమె చెప్పాలి. తెలివి శుభ్రంగా ఉంది కదా, ఆమెనే అడగండి. వద్దంటే ఇంట్లోనే నొప్పి తెలియకుండా చూసుకుందాం. ఏమీ చెప్పకపోతే మాత్రం వేసేస్తాం, మా పద్ధతి అది." నిన్న సాయంత్రమే ఈ మాట వచ్చింది, నిన్ననే అడిగారు, అక్క మీట నొక్కి నొక్కి పెట్టె చేత "రేపు చెప్తా" అనిపించింది. పెట్టెలో ఆ మాట పెట్టించింది అక్కే, పనులు ఎగ్గొట్టడానికి పనికొస్తుందిరా అని నవ్వుతూ. ఇవాళ ఆ రేపు. మాట తప్పే మనిషి కాదు అక్క, చెప్తానంటే చెప్తుంది, రాత్రంతా ఆలోచించుకునే ఉంటుంది, మాటలు ఏరి ఏరి మనసులో వాక్యం కట్టుకునే ఉంటుంది, పొద్దున్న తను గుమ్మంలోకి రాగానే ఆ కళ్లు ఎంత ఆత్రంగా తిరిగాయి, పెట్టె వైపు, తన వైపు, మళ్లీ పెట్టె వైపు. పెట్టె సంగతి చూడమంటోందనే అనుకున్నాడు తను. ముట్టుకోకు అందేమో. తగలడ్డ ఆలోచనలు, కళ్లలోంచి ఎవరికి కావలసింది వాళ్లు చదువుకుంటారు.

బావ కూడా అంతే, తనకి కావలసిందే చదువుకుంటున్నాడు. ఇందాక మంచం మీదకి వంగి, "ఏమేవ్, గొట్టం వేయించుకుందాం కదా? ఊఁ అంటే ఒకసారి కన్ను మూయి, చాలు," అన్నాడు. అక్క కళ్లు ఇంతింత చేసుకుని చూసింది, రెప్ప పడకుండా, నీళ్లు తిరిగేదాకా. "వద్దా? వద్దయితే రెండుసార్లు మూయి." అప్పుడూ మూయలేదు. నీళ్లు చెంప మీదికి జారాయి గానీ రెప్ప పడలేదు. బావ నడుం పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు, అక్కడ గిన్నెలేవో కడుగుతున్న చప్పుడు, కడగడానికి గిన్నెల్లేవు, ఇంట్లో ఎవరూ ఏమీ తినలేదు. అవునూ కాదూ కాని మాట ఏదో ఉంది అక్క దగ్గర. ఎప్పుడూ అంతే ఈవిడ. అవునా కాదా అంటే ఏ రోజునైనా ఒక్క ముక్కలో జవాబు చెప్పిందా. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు ప్రకటించే ఉద్యోగం, ఫలానా బస్సు ఫలానా చోట నిలిచి ఉన్నది అని చెప్తే చాలు, ఈవిడ మాత్రం పిల్లల చేతులు పట్టుకోండి, మెట్టు తడిగా ఉంది, కిటికీలోంచి సంచీలు విసరకండి, సీటు ఎక్కడికీ పోదు అని చెప్పుకుపోయేది, జనం నవ్వుకునేవాళ్లు, పైవాళ్లు కసిరేవాళ్లు. ఒక డ్రైవరు బస్సు అయితే మాత్రం ఇంకో రెండుసార్లు ఎక్కువ ప్రకటించేది, ఆ బస్సు ఎప్పుడూ కిక్కిరిసి వెళ్లేది, ఆ డ్రైవరు ఎందుకో అర్థం కాక తలగోక్కునేవాడు, అర్థమయ్యేసరికి ఏడాది పట్టింది. ఆ డ్రైవరే వంటింట్లో ఖాళీ గిన్నెలు కడుగుతున్నాడు. తర్వాత ఓ రోజు మైకులో మాట ముద్దగా వచ్చింది. తర్వాత రోజూ. ఆ అమ్మాయి తాగి వస్తోందని ఎవరో పైకి రాశారు. తాగడమట, అక్క. ఇంటికొచ్చి పడీపడీ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ నాలిక మడత పడి, నవ్వాగిపోయి, తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ చూపు తను ఇప్పటికీ మర్చిపోలేదు.

పెట్టె మూత పూర్తిగా విప్పాడు. చేతులు ఊరుకోవు కదా. చేసేదేమీ లేదని తెలిసినా విప్పుతాయి, కరెంటు కొలిచే మీటరు ముళ్లు పట్టుకుని చిప్పు లోహపు కాళ్లు ఒక్కొక్కటీ తాకి చూస్తాయి, ఏమో, చిప్పులో ఒక మూల కాలి ఇంకో మూల మిగిలి ఉండొచ్చు, రోగి పోయాక కూడా నాడి పట్టుకుని కూర్చునే వైద్యుడిలాగా, ఛ, ఏం పోలిక ఇది, ఇక్కడ కూర్చుని ఏం పోలిక. మొదట్లో చేసి పక్కన పెట్టేసిన పాత పెట్టెలోంచి వేరే చిప్పు పీకి వేస్తే? దానికి కాళ్లు తక్కువ. ఫోనులో పెడితే? ఈ మీట ఫోనుకి తగలదు, తగిలేలా చెయ్యడానికి పూట పడుతుంది. బస్సు వెళ్లిపోయాక బస్టాండులో నిలబడ్డట్టుంది. శ్వాస మిషను బుస్సుమంటోంది, ఆగుతోంది, బుస్సుమంటోంది, అక్క ఛాతీ దానితోపాటు ఇంత లేస్తోంది, పొద్దున్నకంటే తక్కువ లేస్తోందా, అదే లేస్తోందా, చూడకు, కాళ్లు లెక్కపెట్టు. పైకే లెక్కపెడుతున్నాడు, అతనికి తెలియకుండానే, పనిలో ఉన్నప్పుడు గొణుక్కోవడం అతని అలవాటు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఇది ఎర్తుది, అయిదు, ఆరు, ఏడు.

టిక్.

మీట చప్పుడు. ఇందాకటిదాకా పెట్టెకి తగిలించి ఉన్న మీట, ఇప్పుడు వైరు ఊడదీసేసిన మీట, దేనికీ తగలని మీట, అయినా అక్క వేలి కిందే ఉంది, అక్క నొక్కింది. పొరపాటేమో. మళ్లీ మొదలుపెట్టాడు, ఒకటి, రెండు, మూడు. టిక్. తలెత్తి చూశాడు. అక్క కళ్లు అతని నోటి మీద ఉన్నాయి, పెట్టె మీద లేవు, చాలాసేపటినుంచీ పెట్టె మీద లేవేమో. ఒరే మొద్దూ, పెట్టె పోతే పోయింది, నీకు నోరుంది కదరా, నాకు వేలుంది, అంటున్నాయి ఆ కళ్లు. ఇంతసేపు, ఇంతసేపు తను ఆ చచ్చిన చిప్పుతో కుస్తీ పడుతూ కూర్చున్నాడు, మంచం మీద మనిషి తను తల ఎత్తుతాడని ఎదురుచూస్తూ ఉంది. మీటరు కింద పడేశాడు. కుర్చీ మంచం పక్కకి లాక్కున్నాడు.

"అక్కా, అక్షరాలు చదువుతాను. కావలసింది రాగానే నొక్కు. సరేనా?"

టిక్.

అచ్చులతో మొదలుపెట్టాడు, అ, ఆ, ఇ, ఈ. ఈ అక్షరాలు నేర్పింది అక్కే, గచ్చు మీద సుద్దముక్కతో రాసి, తప్పు చదివితే మోకాలి మీద స్కేలుతో ఒక్కటి, "ఙ" దగ్గరా "ఞ" దగ్గరా తను ఎప్పుడూ ఆగిపోయేవాడు, వాటిని పలకడం చేతకాక ఆవలించినట్టు నటించేవాడు. అచ్చులు అయిపోయాయి, చప్పుడు లేదు. క, ఖ, గ, ఘ, ఇలా అయితే అంబులెన్సు వచ్చేస్తుంది, "వరుసలు చెప్తానక్కా, క వరుస, చ వరుస, ట వరుస, త వరుస, ప వరుస," టిక్. ప, ఫ, బ, భ, టిక్. కొంచెం ఆలస్యంగా నొక్కింది, వేలు బరువెక్కింది పాపం, బ అన్నమాట. "బా? బావా? బావని పిలవాలా?" అని అరిచాడు, జవాబు చూడకుండానే. బావ తడి చేతులతో పరుగెత్తుకొచ్చాడు. మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఇక్కడే ఉన్నానే, చెప్పు, ఏంటి, చెప్పు," అంటూ ఆమె చెయ్యి పట్టుకుని, మీట ఉన్న చెయ్యి అది, పట్టుకోకూడదని గుర్తొచ్చి వదిలేసి, మోచెయ్యి పట్టుకున్నాడు. అక్క బావని చూసింది. చూసి, కళ్లు గట్టిగా రెండుసార్లు మూసింది. కాదు. అది కాదు. బావ మొహం చూడలేకపోయాడు అతను. పిలవలేదంటే లేచి వెళ్లాలా, ఉండాలా తెలియక ఆ పెద్దమనిషి అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు, చేతుల్లోంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి.

మళ్లీ. ప వరుస. ప, ఫ, బ, ఆగాడు, చాలాసేపు ఆగాడు, చప్పుడు లేదు. భ. టిక్. వెంటనే, గట్టిగా. భ. భ ఏమిటి, భర్త అనదు అక్క, భద్రం, భరించలేను, భారం, భారం కాకూడదు అని అనబోతోందా, అలా అంటే బావ ఏమైపోతాడు, తనేమైపోతాడు, చదవకుండా ఆపేస్తే బాగుండు, ఇక్కడితో ఆపేసి అంబులెన్సు వచ్చిందని అబద్ధం చెప్తే బాగుండుననిపించింది ఒక్క క్షణం. నోరు మాత్రం చదువుతూనే ఉంది. అచ్చులేమీ లేవు. క వరుస లేదు, చ లేదు, ట లేదు, త లేదు, ప లేదు. య. టిక్. భయ. తర్వాతది సున్నా అని అడగనక్కర్లేదు, అయినా అడిగాడు, నియమం నియమమే, టిక్.

భయం.

పెట్టెలో ఈ మాట లేదు. ఎక్కించే రోజుల్లో బయటి చప్పుడు పడకుండా ఇద్దరూ దుప్పటి కప్పుకుని, మైకు మధ్యలో పెట్టుకుని, ఉక్కతో చెమటలు కారుతూ మాటల మీద మాటలు చెప్పించాడు, నీళ్లు, నొప్పి, పక్కకి తిప్పండి, ఫ్యాను తగ్గించండి, ఆ చెత్త పాట ఆపండి, చిట్టీ నీ తల దువ్వుకో, ఏమండీ మీ గురక మూడు వీధులకి వినిపిస్తోంది. భయంగా ఉంది అన్నది ఎక్కిద్దామని ఇద్దరికీ తట్టలేదు. తట్టే ఉంటుంది. దుప్పటి కింద ఆ చీకట్లో ఇద్దరికీ తట్టి, ఎవరికి వాళ్లు మింగేసి ఉంటారు.

"దేనికే?" అన్నాడు బావ. "దేనికి భయం? గొట్టం వెయ్యడమంటేనా?"

అక్క కళ్లు ఒకసారి మూసి తెరిచింది. అవును.

"సరే, సరే. అయితే వద్దు. ఇంట్లోనే ఉందాం. నేను..."

రెండుసార్లు మూసింది.

"గొట్టం లేకుండా ఉండటమంటే కూడానా అక్కా?" అని అతను అడిగాడు.

ఒకసారి మూసింది. మూసిన కళ్లు కాసేపు తెరవలేదు, అలసిపోయింది, లేదా చెప్పవలసింది చెప్పేసినట్టుంది. అంతే. రాత్రంతా పోగుచేసుకున్న మాట ఇదే. అవునూ కాదూ కోసం పొద్దున్ననుంచీ ఇద్దరు మగాళ్లు ఆమె కనురెప్పల మీద పహరా కాశారు, ఆమె దగ్గర ఆ రెండూ లేవు, ఉన్నది ఇది. చెప్పినా దీనికి చెయ్యగలిగింది లేదు. నొప్పయితే మందుంది, దాహమయితే తడిగుడ్డ ఉంది. బావ తల మంచం అంచుకి ఆనించాడు. "నాకూ అంతేనే," అన్నాడు. "నిన్నటినుంచీ నాకూ అంతే. వేయించుకో వేయించుకో అని ఊరికే అరిచాను." తను కూడా ఏదో ఒకటి అనాలి, భయపడకక్కా అనకూడదు, ఆ ఒక్క ముక్క మాత్రం అనకూడదు, అక్క నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోశాడు, మాస్కు పట్టీ కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

అంబులెన్సు వచ్చింది. వంతెన మరమ్మతు అన్నారు కదా, గంట కాలేదు కదా, కానీ వచ్చేసింది, తలుపు దగ్గర బూట్ల చప్పుడు, ఇద్దరు మనుషులు స్ట్రెచరుతో, వెనక ఒక నర్సు, ఆమె చేతిలో ఫోను, ఫోనులో డాక్టరు.

"ఏమన్నారు ఆవిడ?" అంది డాక్టరు ఫోనులోంచి.

"భయంగా ఉందంది," అన్నాడు అతను.

"పాపం. ఉంటుంది. కానీ చిట్టిగారూ," బావ అలా పిలవగా విని డాక్టరు కూడా అలాగే పిలుస్తుంది, అదే అతని పేరనుకుంటుంది, "వద్దన్నారా?"

"వద్దనలేదు."

"అయితే తీసుకొచ్చేయండి. వేస్తాం."

ఎత్తారు. ఎంత తేలిగ్గా ఎత్తారో, ఒకప్పుడు బస్టాండు మెట్ల మీద సంచులు రెండు చేతులా మోసుకుంటూ దిగే మనిషిని. మాస్కు ఊడకుండా నర్సు పట్టుకుంది, బావ చెప్పులు వేసుకోవడం మర్చిపోయి బయటికి నడిచాడు, వెనక్కి వచ్చి వేసుకున్నాడు, కుడిది ఎడమకి. బల్ల మీద విప్పిన పెట్టె అలాగే ఉండిపోయింది. వ్యానులో ఒకవైపు నర్సు, ఒకవైపు అతను, కాళ్ల దగ్గర బావ. తలుపులు మూశారు. ఇంకేమైనా చెప్తావా అక్కా అన్నాడు, మీట లేదిప్పుడు, ఆమె చూపుడువేలు తన అరచేతిలో పెట్టుకుని, కావలసిన చోట నొక్కు, ఇక్కడే నొక్కు, అన్నాడు. కళ్లు మూసుకునే ఉంది. వ్యాను కదిలింది, సైరను మొదలైంది, అందుకని కాస్త గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. అ, ఆ, ఇ, ఈ. వరుసలు చెప్పలేదు, ఒక్కొక్కటే చదివాడు, ప్రతి అక్షరం తర్వాతా ఆగుతూ. అరచేతిలో వేలు వెచ్చగా ఉంది, కదల్లేదు. నర్సు అతనికేసి చూసి మాస్కు పట్టీ సరిచేసింది. అచ్చులు అయ్యాయి, హల్లులు అయ్యాయి, ఆఖరి అక్షరం దాకా వెళ్లాడు, వేలు కదల్లేదు. తను చదువుతున్నంతసేపూ మాట్లాడే వంతు ఇంకా అక్కదే. వ్యాను మలుపు తిరిగింది, ఆసుపత్రి గేటు కాబోలు, బావ లేచి నిలబడ్డాడు, అతను లేవకుండా మళ్లీ మొదటినుంచీ అందుకున్నాడు.